సిపాయిలో దాగిన సెంటర్ ఫార్వర్డు

పాఠశాల ఆటస్థలముకడ నిలిచి చూచు ఉపాధ్యాయునకు ఏటేట ఒక చిక్కు ప్రశ్న ఎదురగుచునే యుండును. పదునారేండ్ల బాలుడొకడు హాకీకర్రతో బంతిని తన యిచ్చవచ్చినట్లు నడపును. నలుగురిని తప్పించుకొని దూసికొని పోవును. తోడిబాలురు కేరింతలు కొట్టుదురు. వీడు రేపు దేశము పక్షమున ఆడు సెంటర్ ఫార్వర్డు కాగలడా, లేక కళాశాలలో చేరునాటికే పదిమందిలో ఒకడై పోవునా? సూటిగా సమాధానము చెప్పగలవారు అరుదు. ఆ స్థానమున సాటిలేనివాడని లోకము మెచ్చిన మేజర్ ధ్యాన్‌చంద్ జీవితమును పరికించినచో ప్రశ్న మరింత చిక్కుపడునే కాని తేలికపడదు. ఏలయన, పదునారవ యేట ఆతనియందు అట్లు చూడదగినది ఏదియు లేకుండెను.

1905 ఆగస్టు 29వ తేదీన ప్రయాగలో ఆతడు జన్మించెను. పెట్టిన పేరు ధ్యాన్ సింగు. తండ్రి సైనికోద్యోగి; ఆయనయు హాకీ ఆడినవాడే. సైన్యమున తరచుగా బదిలీలు కలుగుటచే బాలుని చదువు ఆరవ తరగతితో ఆగిపోయెను. తుదకు కుటుంబము ఝాన్సీలో స్థిరపడెను. బాలునకు హాకీయందు ఆసక్తి లేదు. ఉన్న మక్కువ కుస్తీమీదనే. చిన్ననాట తాను చెప్పుకొనదగినంత హాకీ ఆడిన జ్ఞాపకము లేదని 1952లో వెలువడిన తన ఆత్మకథలో ఆతడే ఒప్పుకొనెను. గొప్పవారి బాల్యమున అద్భుతములను వెదకుట మనకు అలవాటు. ఈతని విషయమున ఆ వెదకులాట వ్యర్థము.

1922లో, పదునేడేండ్ల ప్రాయమున, ఆతడు ఢిల్లీలో బ్రాహ్మణ రెజిమెంటున సిపాయిగా చేరెను. అచట బాలే తివారీ యను సుబేదార్ మేజరు ఉండెను. ఆయనకు హాకీ యన్న ప్రాణము. ఆ దండులో ఆటకు నియమితమైన వేళ లేదు. తీరిక దొరికినప్పుడెల్ల ఆడుటే. తివారీ ఈ కుర్రవానిని చేరదీసి, కర్ర చేతికిచ్చి, మొదటి పాఠములు నేర్పెను. ఆయన ఆ సిపాయిలో భావి ఒలింపిక్ వీరుని దర్శించెనని నేననను. ఆయన చేసినది అంతకంటె చిన్నపని. నా దృష్టిలో అంతకంటె విలువైన పని. విసుగు చెందక ప్రతిదినము ఆడించెను. శిష్యుడును విసుగు చెందలేదు. పగటి కొలువు ముగిసిన పిమ్మట, దీపములు లేని మైదానమున చంద్రోదయమునకై వేచియుండి సాధన చేసెడివాడనియు, అందుచేతనే తోడివారు ఆతనిని చంద్ అని పిలిచిరనియు చెప్పుదురు.

సెంటర్ ఫార్వర్డు పని యెట్టిదో ఇచట కొంత చెప్పవలసియున్నది. ఆనాటి పద్ధతిలో ముందువరుసను ఐదుగురు, వారి వెనుక ముగ్గురు హాఫులు, ఇద్దరు బ్యాకులు, గోలుకడ ఒకడు. ముందున్న ఐదుగురిలో నడుమనుండువాడే సెంటర్ ఫార్వర్డు. చూపరులు ఆతనిని గోలులు కొట్టువాడని మాత్రమే తలంతురు. కాని బంతి తనకడకు వచ్చులోపలనే ఎడమ కుడి ప్రక్కలవారు ఎచట నున్నారో, ఎదుటి బ్యాకు ఏ కాలిమీద బరువు మోపెనో ఆతడు గ్రహించియుండవలెను. ఒక్క క్షణము బంతిని నిలుపుకొన్నచో దారి మూసికొనిపోవును. ఒక్క క్షణము ముందుగా వదలినచో అందుకొనువాడుండడు. బాలురలో మనకు మొదట కనబడునది కర్ర పనితనము. అది చప్పట్లు కొట్టించును. బంతిని వదలవలసిన క్షణమును ఎరుగుట మాత్రము కంటికి కనబడదు; ఎవరును చప్పట్లు కొట్టరు. మన అంచనాలు తరచుగా తప్పుట కిదియే కారణమని నా అభిప్రాయము. ధ్యాన్‌చందునకు కర్ర పనితనము అపారముగా నుండెను, నిజమే. దానితోపాటు తన వారికి బంతినందించు నేర్పును ఉండుటచేతనే ఆతని ప్రక్కల ఆడినవారు తమ సహజశక్తికి మించి ఆడిరి.

ఇక గుండెనిబ్బరము. జీలం పట్టణమున జరిగిన సైనికుల పోటీలో తుది ఆట. ధ్యాన్‌చంద్ పక్షము రెండు గోలులు వెనుకబడియుండెను. మిగిలినవి నాలుగు నిమిషములు. పైయధికారి మైదానపు టంచున నిలిచి, ఏదైన చేయుమని ఎలుగెత్తి ఆదేశించెను. ఆ నాలుగు నిమిషములలో ఆ సిపాయి మూడు గోలులు కొట్టెను. కుర్రవానిని తూచుటకు, తేలికగా గెలిచిన నలువది ఆటలకంటె ఇట్టి నాలుగు నిమిషములే మేలైన త్రాసు.

1926లో సైనికజట్టు న్యూజిలాండు వెళ్ళినపుడు ఆతనికి అందు చోటు దొరకెను. 21 ఆటలలో 18 గెలిచి, రెండు సమముగా ముగించి, ఒకటి మాత్రమే ఓడి ఆ జట్టు మరలివచ్చెను. సిపాయి లాన్స్ నాయకుడయ్యెను. నాలుగేండ్లకు పూర్వము కర్ర పట్టుట ఎరుగనివాడు!

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలకు మన జట్టు బయలుదేరినపుడు బొంబాయి రేవునకు వచ్చి సాగనంపినవారు ముగ్గురే. మరలివచ్చునప్పటి సందడి వేరు. మనవారు 29 గోలులు కొట్టిరి. ఎదుటివారికి ఒక్కటియు ఇయ్యలేదు. ఆ 29లో 14 ధ్యాన్‌చంద్‌వే. హాలెండుతో తుది ఆటనాడు ఆతడు అస్వస్థుడై యుండియు ఆడెను. 1932లో లాస్ ఏంజెలిస్ క్రీడలకు ఆటగాండ్రను ఎన్నుకొనుటకు రాష్ట్రముల పోటీ జరిగినపుడు సైన్యము ఆతనికి సెలవీయలేదు. అయినను పరీక్ష లేకయే ఎన్నుకొనిరి. పదియేండ్ల క్రిందట ఎవరికిని పట్టనివాడు పరీక్షకు అతీతుడయ్యెను. అమెరికాను 24-1 గోలులతో ఓడించిన ఆటలో ధ్యాన్‌చంద్ ఎనిమిది గోలులు కొట్టగా తమ్ముడు రూప్ సింగు పది కొట్టెను. తనకంటె తమ్ముడే మేటియని అన్న దాపరికము లేక చెప్పెడివాడు. ఇతరులను తూచుటలో ఆతని చేయి వణకలేదు.

ఆ తూకమునకు నిజమైన పరీక్ష 1936లో బెర్లిన్ నగరమున వచ్చెను. అప్పటికి ఆతడు నాయకుడు. క్రీడలకు ముందు జరిగిన సన్నాహపు ఆటలో జర్మనులు మనవారిని 4-1 గోలులతో ఓడించిరి. నాయకునకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ముందువరుసలో లోపమెచటనున్నదో ఆతడు కనుగొనెను. స్వదేశమున నిలిచిపోయిన దారాను వెంటనే పంపవలెనని కోరిరి. దారా విమానముమీద వచ్చి సెమీఫైనలునాటికి జట్టులో చేరెను. ఆ ఆటలో ఫ్రాన్సుపై పది గోలులు. వర్షముచే ఒకనాడు వెనుకకు జరిగిన తుది ఆట ఆగస్టు 15వ తేదీన జరిగెను. సగము ఆట ముగియునప్పటికి మనకు ఒక్కటే గోలు. తడిసిన పచ్చికపై కాలు నిలువకుండుటచే ధ్యాన్‌చంద్ ముండ్లజోళ్ళను, మేజోళ్ళను విడిచి రబ్బరు జోళ్ళతో ఆడెను. తుదకు 8-1. ఆటకు ముందు జట్టువారు విడిదిగదిలో కాంగ్రెసు త్రివర్ణపతాకమునకు వందనము చేసిరన్నది ఈనాటి విద్యార్థులు ఎరుగవలసిన విషయము. వారు దిగినది బ్రిటిషు ఇండియా పతాకము క్రింద.

ఆతని కర్రలో అయస్కాంత మున్నదేమోయని విరిచి చూచిరన్న కథయు, అట్టివే మరికొన్నియు ప్రచారములో కలవు. వానిని కథలుగనే వినుట మేలు. ఉన్న నిజము చాలును.

1956లో మేజరు హోదాతో ఆతడు సైన్యమునుండి విరమించెను. ఆ యేడే పద్మభూషణ బిరుదము లభించెను. పటియాలలోని జాతీయ క్రీడాసంస్థలో కొంతకాలము ప్రధాన శిక్షకుడుగా నుండెను. కడపటి దినములు ఝాన్సీలో గడిచినవి. ధనము చాలదు, పలుకరించువారును తక్కువ. 1979 డిసెంబరు 3న ఢిల్లీ ఆస్పత్రిలో కన్నుమూసెను. ఆతని జన్మదినమును జాతీయ క్రీడాదినముగా జరుపుట, 2021లో ఖేల్‌రత్న పురస్కారమునకు ఆతని పేరుంచుట, ఇవన్నియు తరువాతి సంగతులు.

తన కుమారుల విషయమున ఆతడు చేసిన నిర్ణయ మొకటి మిగిలియున్నది. హాకీ కూడు పెట్టదని ఆతనికి స్వానుభవము. కావున బిడ్డలను ఆ దారిలోనికి పోవలదని వారించెను. శక్తి లేదని కాదు. శక్తి యుండియు ఏమి మిగులునో తాను చూచియుండెను. కుమారుడు అశోక్ కుమార్ వినలేదు. 1975 మార్చి 15వ తేదీన కౌలాలంపూరులో ప్రపంచకప్పు తుది ఆట. ఎదుటి పక్షము పాకిస్తాను. చెరియొక గోలు చేసి సమముగా నుండిరి. గెలుపు గోలు కొట్టినది, తండ్రి వలదన్న ఆ కుమారుడే.