చీకటి గదిలో వెలుగును వెతికిన ఇబ్నుల్ హైసమ్

చూపుడు వేలిని కంటికి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూడండి. వేలు మసకబారిపోతుంది. అదే వేలిని మెల్లగా దూరం జరిపితే దాని మీది గీతలు కూడా కనిపిస్తాయి. పెద్దవారి కన్ను సాధారణంగా 25 సెంటీమీటర్ల కంటే దగ్గరున్న వస్తువును తేటగా చూడలేదు. వయసు పెరిగి చత్వారం వచ్చిన కొద్దీ ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

ఈ రోజుల్లో కళ్లజోడులా తగిలించుకునే తెరలు వచ్చాయి. వీటిలో కొన్నింటిలో బొమ్మ పుట్టే తెర గోరంత కూడా ఉండదు. అది కళ్లజోడు కాడలోనో, కంటికి అంగుళం రెండంగుళాల దూరంలోనో ఉంటుంది. అంత దగ్గరి బొమ్మ కంటికి మసకగా కనిపించాలి. అయినా ధరించినవారికి అది ఎదురుగా కొన్ని గజాల దూరంలో ఉన్న పెద్ద తెరలా కనిపిస్తుంది. ఈ పని చేసేది మధ్యలో అమర్చిన గాజు కటకాలు. తెర నుంచి విచ్చుకుంటూ వచ్చే కిరణాలను అవి వంచి, దాదాపు సమాంతరంగా కంటిలోకి పంపుతాయి. దూరపు వస్తువు నుంచి వచ్చే కిరణాలు కూడా సమాంతరంగానే వస్తాయి కనుక కన్ను దూరానికి చూస్తున్నట్లే నిశ్చింతగా ఉంటుంది.

ఇలాంటి కటకాన్ని రూపొందించేవారికి మూడు సంగతులు తెలిసి ఉండాలి. చూపు ఎలా కలుగుతుంది? వంపు తిరిగిన గాజు కిరణాలను ఏ లెక్కన వంచుతుంది? రెండు కళ్లు చూసిన రెండు బొమ్మలు ఒకటిగా ఎలా కలుస్తాయి? సుమారు వెయ్యేళ్ల క్రితం ఈ మూడు ప్రశ్నలనూ చేతితో ప్రయోగం చేసి పరీక్షించిన మహనీయుడు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. యూరప్‌వారు ఆయనను అల్‌హజెన్ అని పిలుచుకున్నారు.

ఆయన క్రీస్తుశకం 965 (హిజ్రీ 354) ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రాలో జన్మించారు. ఓడల రాకపోకలతో, పండితుల చర్చలతో కళకళలాడిన నగరం అది. అప్పటికే గ్రీకు పండితులు యూక్లిడ్, టాలెమీ, గాలెన్‌ల గ్రంథాలు అరబీలోకి వచ్చి ఉన్నాయి. ఇబ్నుల్ హైసమ్ వాటిని క్షుణ్ణంగా చదివారు. ఆయన బాల్యం గడిచి యౌవనంలో అడుగుపెట్టే కాలానికి, 984 ప్రాంతంలో, బాగ్దాద్‌లో ఇబ్ను సహల్ అనే గణిత పండితుడు సూర్యకిరణాలను ఒకచోట చేర్చి నిప్పు పుట్టించే అద్దాల గురించి, కటకాల గురించి ఒక గ్రంథం రాశారు. గాజులోంచి వెళ్లే కిరణం ఎంత వంగుతుందో తేల్చే సూత్రం అందులో రేఖాగణిత రూపంలో ఉంది. యూరప్‌లో స్నెల్ అదే సూత్రాన్ని కనుగొన్నది 1621 ప్రాంతంలో. గాజు వంపు గురించిన ఆలోచన అలా అప్పటికే ఆ నేల మీద మొలకెత్తింది.

ఇబ్నుల్ హైసమ్ జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం గాజు కాదు, నైలు నది. 13వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ ఈ వృత్తాంతం రాశారు. నైలు ఒక ఏడు పొంగి ఊళ్లను ముంచేది, మరో ఏడు ఎండి పంటలను ఎండబెట్టేది. తాను ఈజిప్టులో ఉంటే ఆ నదీజలాలు అన్ని కాలాల్లోనూ ఉపయోగపడే ఏర్పాటు చేసి ఉండేవాడినని ఇబ్నుల్ హైసమ్ ఒకసారి అన్నారట. ఆ మాట ఈజిప్టును ఏలుతున్న ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడింది. ఖలీఫా ధనం పంపి ఆయనను పిలిపించుకున్నాడు. నగరం వెలుపలికి స్వయంగా ఎదురువచ్చి స్వాగతం చెప్పాడు. పనివారిని, మేస్త్రీలను వెంట ఇచ్చి పంపాడు.

ఇబ్నుల్ హైసమ్ నది వెంట దక్షిణంగా ప్రయాణించారు. దారి పొడవునా పురాతన ఈజిప్షియన్లు కట్టిన మహా కట్టడాలు కనిపించాయి. కొలతల్లో, నేర్పులో వాటికి సాటి లేదు. ఇంత నేర్పు కలవారు ఈ పని సాధ్యమై ఉంటే చేయకుండా వదిలేవారా అన్న సందేహం ఆయన మనసులో మొదలైంది. అస్వాన్ దగ్గర నది రాళ్ల మీదుగా దూకే చోటికి చేరి, అక్కడి నేలను పరీక్షించాక సందేహం తీరిపోయింది. ఆ కాలపు పనిముట్లతో అది అయ్యే పని కాదు. అదే అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట పూర్తయింది 1970లో.

ఖలీఫా ముందు నిలబడి తన వల్ల కాలేదని చెప్పడం తేలిక కాదు. అల్ హాకిమ్ క్షణంలో మెచ్చుకుని, మరుక్షణంలో తల తీయించగలవాడని పేరు. అయినా ఇబ్నుల్ హైసమ్ తిరిగి వచ్చి ఉన్న మాట చెప్పారు. ఖలీఫా పైకి ఏమీ అనకుండా ఒక కార్యాలయంలో ఉద్యోగం ఇచ్చాడు. కానీ ఆ మౌనమే ఆయనను భయపెట్టింది. ప్రాణం కాపాడుకోవడానికి మతి భ్రమించినట్లు నటించారు. ఆయన ఆస్తిని స్వాధీనం చేసుకుని, ఆయనను ఇంట్లోనే నిర్బంధించారు. 1021లో అల్ హాకిమ్ కాలం ముగిసే వరకూ ఆ నటన సాగింది.

ఆయన మహాగ్రంథం పేరు కితాబుల్ మనాజిర్. ఏడు భాగాల ఈ గ్రంథం విషయం వెలుగు, చూపు.

అంతకుముందు యూక్లిడ్, టాలెమీ వంటివారు చూపు కంటి నుంచి కిరణాలుగా బయటికి వెళ్లి వస్తువును తాకుతుందని నమ్మారు. ఇబ్నుల్ హైసమ్ ఒక చిన్న అనుభవాన్ని గుర్తు చేశారు. సూర్యుని వైపు చూస్తే కన్ను నొస్తుంది. కాంతివంతమైన వస్తువును చూసి కన్ను మూసుకున్నా దాని ఛాయ కాసేపు కంటిలో నిలుస్తుంది. అంటే బయటి వెలుగే కంటిలోకి వచ్చి పని చేస్తోంది. వస్తువులోని ప్రతి బిందువు నుంచి వెలుగు అన్ని వైపులకూ వెళుతుందని, అది కంటిని చేరినప్పుడే చూపు కలుగుతుందని ఆయన నిరూపించారు.

ఇందుకోసం ఆయన చీకటి గదిని వాడుకున్నారు. గదికి చిన్న రంధ్రం ఉంచి, బయట వేర్వేరు చోట్ల దీపాలు పెట్టారు. లోపలి గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే మాయమైంది, మూత తీస్తే మళ్లీ వచ్చింది. అన్ని దీపాల కిరణాలూ ఒకే రంధ్రంలోంచి దూరినా ఒకదానిలో ఒకటి కలిసిపోలేదన్న మాట. తెర మీది వేలాది చుక్కల వెలుగు ఒకే కటకంలోంచి వచ్చి కంటిలో వేలాది చుక్కలుగానే నిలవడానికి ఆధారం ఈ గుణమే.

ఇక గాజు సంగతి. కితాబుల్ మనాజిర్ చివరి భాగం అంతా వక్రీభవనం గురించే. గాలి నుంచి నీటిలోకి, గాజులోకి వెళ్లేటప్పుడు కిరణం వంగే కోణాలను ఆయన పరికరం చేసి కొలిచారు. గాజు గోళం మీద విడిగా మరో పుస్తకం రాశారు. సూర్యకిరణాలు గాజు గోళంలోంచి వెళ్లి ఒకచోట చేరి నిప్పు పుట్టిస్తాయని అందరికీ తెలుసు. ఆయన లెక్క వేసి చూస్తే కిరణాలన్నీ ఒకే బిందువు దగ్గర కలవడం లేదు. గోళం అంచు దగ్గర ప్రవేశించిన కిరణాలు ముందుగా కలుస్తున్నాయి. నడుమ నుంచి వెళ్లినవి కాస్త దూరంగా కలుస్తున్నాయి.

చిన్నదిగా కనిపించే ఈ తేడాయే నేటికీ కటకాలు రూపొందించేవారికి మొదటి తలనొప్పి. బంతి వంపు ఉన్న ఒక్క కటకం వాడితే బొమ్మ అలుక్కుపోతుంది. అందుకే అంచుల వైపు వంపు మారుతూ పోయే కటకాలు చేస్తారు, లేదా నాలుగైదు కటకాలను వరుసగా పేర్చి ఒకదాని లోపాన్ని మరొకదానితో సరిచేస్తారు. గాజు ఎర్ర రంగు కంటే నీలాన్ని ఎక్కువగా వంచుతుంది. కాబట్టి రెండు రకాల గాజులు జత చేయకపోతే అక్షరాల అంచుల్లో రంగులు కనిపిస్తాయి. ప్లాస్టిక్ తేలికే కానీ వేడికి దాని ఆకారం మారుతుంది. గాజు నిలకడగా ఉంటుంది కానీ బరువు. ఆ బరువంతా మోయాల్సింది ముక్కు. ఇవన్నీ గింజంత చోటులో సర్దాలి.

మూడో ప్రశ్న రెండు కళ్లది. ఇబ్నుల్ హైసమ్ మూరెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు ఉన్న చెక్కపలక తీసుకున్నారు. ముక్కు ఆనేందుకు ఒక చివర గంటు పెట్టారు. పలక మీద గీతలు గీసి, రంగురంగుల చిన్న మైనపు ముక్కలు నిలబెట్టారు. మధ్య గీత మీద నడుమ ఉన్న ముక్కను రెండు కళ్లతో చూస్తే అది ఒకటిగానే కనిపించింది. అదే గీత మీద దానికి ముందు, వెనుక ఉన్నవి మాత్రం రెండేసిగా కనిపించాయి. రెండు కళ్ల చూపు ఒకచోట కలిసినప్పుడే వస్తువు ఒకటిగా కనిపిస్తుందని ఇలా తేల్చారు. ఈ పరీక్ష మీరు ఇంట్లో రెండు పెన్సిళ్లతో కూడా చేయవచ్చు.

నేటి కళ్లజోడు తెరల్లో కుడి కంటి బొమ్మ, ఎడమ కంటి బొమ్మ కొద్దిగా తప్పినా ఒకటి రెండవుతుంది, తల నొస్తుంది. మరో చిక్కు కూడా ఉంది. బొమ్మలోని వస్తువు దగ్గరికి వస్తే కళ్లు రెండూ ముక్కు వైపు తిరుగుతాయి. కానీ కటకం కారణంగా కంటి దృష్టి దూరంలోనే నిలిచి ఉంటుంది. కంటికి రెండు సాక్ష్యాలు వేర్వేరుగా అంది, అలసట వస్తుంది. చూపు కేవలం కంటి పని కాదని, మనసు గత అనుభవంతో పోల్చుకుని దూరాన్ని, పరిమాణాన్ని నిర్ణయిస్తుందని ఇబ్నుల్ హైసమ్ ఎప్పుడో రాశారు.

ఆయన చెప్పినవన్నీ నిలవలేదు. బొమ్మను గ్రహించేది కంటి కటకమేనని ఆయన అనుకున్నారు. బొమ్మ కంటి వెనుక పొర మీద తలకిందులుగా పడుతుందని 1604లో కెప్లర్ వివరించాడు. కానీ ఆ సవరణకు దారి వేసింది కూడా ఇబ్నుల్ హైసమ్ పద్ధతే. పూర్వుల గ్రంథాలు చదివేవాడు వారి మాటను పరీక్షించాలని, తన బుద్ధిని కూడా అనుమానించుకోవాలని ఆయన బోధించారు. టాలెమీ గ్రంథాల్లోని పొరపాట్లను ఎత్తిచూపుతూ ఒక పుస్తకమే రాశారు.

నిర్బంధం తొలగాక ఆయన కైరోలో అజ్‌హర్ మసీదు ద్వారం దగ్గర ఒక చిన్న గదిలో నివాసం ఏర్పరచుకున్నారు. ఏడాదికోసారి యూక్లిడ్, టాలెమీల గ్రంథాలతో పాటు మరికొన్ని గణిత గ్రంథాలకు ప్రతులు రాసి 150 ఈజిప్టు దీనార్లకు అమ్మేవారని, ఆ సొమ్ముతోనే ఏడాదంతా గడిపేవారని ఇబ్నుల్ ఖిఫ్తీ రాశారు. చదువుకోవడానికి వచ్చిన ఒక అమీరును నెలకు 100 దీనార్లు అడిగి, మూడేళ్ల తర్వాత అతడు వెళ్లేటప్పుడు మొత్తం సొమ్ము తిరిగి ఇచ్చేశారని 12వ శతాబ్దపు రచయిత బైహఖీ చెప్పాడు. అతడికి ధనం మీద కంటే చదువు మీద ప్రేమ ఎక్కువో కాదో తెలుసుకోవడానికే ఆ రుసుము పెట్టారట. 1040 (హిజ్రీ 430-31) ప్రాంతంలో ఆయన కైరోలో కన్నుమూశారు. ఆయన రచనల జాబితాలు 90కి పైగా పేర్లు చూపుతాయి.

గ్రంథం ఆయనతో ఆగిపోలేదు. 14వ శతాబ్దం ఆరంభంలో ఇరాన్‌లో కమాలుద్దీన్ ఫారిసీ దానికి వ్యాఖ్యానం రాస్తూ, నీరు నింపిన గాజు గోళంతో ఇంద్రధనుస్సు రహస్యాన్ని విప్పారు. లాటిన్‌లోకి వెళ్లిన గ్రంథాన్ని రోజర్ బేకన్, విటెలో చదివారు. 1572లో బాసెల్ నగరంలో అది అచ్చయింది. ఐక్యరాజ్యసమితి 2015ను అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరిపినప్పుడు యునెస్కో ఆయన పేరును ప్రత్యేకంగా స్మరించింది.

నైలు దగ్గర నేలను చూసి, తన మాటే తప్పని ఒప్పుకున్న మనిషి ఆయన. ప్రాణం మీదికి వచ్చినా సాధ్యం కానిదాన్ని సాధ్యమని చెప్పలేదు. గాజు గోళంలో కిరణాలు ఒకే బిందువులో కలవడం లేదని పట్టుకున్నదీ ఆ నిజాయితీయే. మన పిల్లలు రేపు కొత్త కళ్లజోడు తగిలించుకుని అబ్బురపడినప్పుడు ఈ కథ చెప్పండి. ఆపైన మైనపు ముక్కల బదులు రెండు పెన్సిళ్లు వారి చేతికిచ్చి, తామే చూసి తేల్చుకోమనండి.