మైక్ హాథార్న్: చోదకుని కన్ను

నేడు కారు పందెములను టెలివిజన్‌లో తిలకించువారికి చోదకుని ప్రక్కనే కూర్చుండినట్లు తోచును. కారునకు బిగించిన చిన్న కెమెరా అతని చూపును మన చూపుగా చేయుచున్నది. వివాదము పుట్టినపుడు న్యాయనిర్ణేతలకు సాక్షియు అదియే. అట్టి సాక్షి లేని కాలమున బ్రతికియు, ఆ చూపును తొలినాళ్ళలోనే లోకమునకు చూపినవాడు ఆంగ్లేయుడగు మైక్ హాథార్న్.

1929 ఏప్రిల్ 10న యార్క్‌షైరులో జన్మించిన హాథార్న్, తండ్రిగారి మోటారు గారేజిలో యంత్రముల నడుమ పెరిగెను. 1953లో ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెమున మేటియగు ఫాంజియోను ఒక్క సెకను తేడాతో ఓడించి, 24 ఏండ్లకే ప్రసిద్ధి నొందెను.

1955 జూన్ 11న ఫ్రాన్సులోని లె మాన్ పందెమున ఘోరము జరిగెను. ఇంధనము కొరకు హాథార్న్ వేగము తగ్గించి ప్రక్కకు మళ్ళెను. వెనుకనున్న కారు అతనిని తప్పించుకొనబోయి మరియొక కారునకు అడ్డము వచ్చెను. ఆ రెండవ కారు ఎగిరి, ముక్కలై ప్రేక్షకులపై పడగా 80 మందికి పైగా మరణించిరి. విచారణలో హాథార్న్ దోషి కాడని తేలినను, నింద మాత్రము అతనిని వీడలేదు.

మరుసటి సంవత్సరము అదే లె మాన్ బాటపై, కెమెరాయు మైక్రోఫోనును అమర్చిన జాగ్వార్ కారులో అతడొక చుట్టు తిరిగెను. సుమారు 13 కిలోమీటర్ల ఆ బాటలో హెచ్చు భాగము రహదారియే. లారీలు, సైకిళ్ళు తారసపడుచుండగా, కారు నడుపుచునే ఒక్కొక్క మలుపును వివరించెను. ఆలోచించుటకు చోదకునకు దొరకు వ్యవధి ఎంత స్వల్పమో ఆ ఫిలిము చూచినవారికి తెలియును. పందెము నడుచుచుండగనే కారులోని దృశ్యము ఇండ్లకు చేరుటకు మరి రెండు దశాబ్దములు పట్టెను. 1979లో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ పందెమున అదియు సాధ్యమయ్యెను.

1958లో పోర్చుగల్ పందెమున ఎదురు దిశలో కారు నడిపెనని హాథార్న్‌పై అభియోగము వచ్చెను. కెమెరా సాక్ష్యము లేదు. ప్రత్యర్థియగు స్టిర్లింగ్ మాస్ తాను కన్నది కన్నట్లు చెప్పి అతనిని కాపాడెను. ఆ యేడు హాథార్న్‌కు 42, మాస్‌కు 41 పాయింట్లు వచ్చెను. ప్రపంచ విజేతయైన తొలి బ్రిటిషు చోదకుడుగా హాథార్న్ నిలిచెను. సత్యము పలికిన మాస్‌కు ఆ పదవి ఎన్నడును దక్కలేదు.

పందెములు విరమించిన కొలది నెలలకే, 1959 జనవరి 22న, గిల్డ్‌ఫర్డ్ చెంత తడిసిన రహదారిపై హాథార్న్ కారు అదుపు తప్పెను. అప్పటికి అతని వయస్సు 29 ఏండ్లు. కెమెరా నేడు ప్రతి మలుపును కాంచుచున్నది. ప్రత్యర్థి కొరకు నోరు విప్పు మనుష్యుని అవసరము మాత్రము తీరలేదు.