బడిలో ఏ పేరుతో పిలుస్తున్నాం?

గత ఏడాది నల్లగొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో శిక్షణలో ఉన్న ఉపాధ్యాయుల బోధనను పరిశీలిస్తున్నాను. హాజరు ముగిశాక ఒక యువకుడు స్కాలర్‌షిప్ వాళ్లంతా లేచి నిలబడమన్నాడు. దళిత, లంబాడీ పిల్లలు తలలు వంచుకుని లేచారు. అతనిలో ద్వేషం లేదు, దరఖాస్తులు నింపించే తొందర మాత్రమే ఉంది. నాకు భాగ్యరెడ్డి వర్మ గుర్తుకొచ్చారు.

1888లో హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో మాదరి భాగయ్యగా పుట్టిన ఆయనకు భాగ్యరెడ్డి అన్న పేరు ఇచ్చింది కుటుంబ గురువు. అందులోని రెడ్డి కులసూచిక కాదు, ఈ నేలను ఏలిన మూలవాసులకు తాము వారసులమన్న ప్రకటన. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి హరికథల ద్వారా వాడల్లో చైతన్యం నింపారు. 1911లో అది మాన్య సంఘమైంది. 1917లో బెజవాడ పంచమ మహాసభకు అధ్యక్షత వహిస్తూ పంచమ అన్న మాటనే తిరస్కరించారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభగా మారింది. 1931 జనగణనలో నిజాం ప్రభుత్వం ఆది హిందువులన్న పేరును అంగీకరించింది.

ఆయన పేర్లతో ఆగిపోలేదు. ఉర్దూ పాలనాభాషగా, బోధనాభాషగా ఉన్న రాజ్యంలో అంటరాని పిల్లలకు 1910 నుంచి తెలుగులో చదువు చెప్పే బడులు తెరిచారు. అవి క్రమంగా 26 అయ్యాయి, సుమారు 2,500 మంది పిల్లలు అందులో చదివారు. తర్వాత వాటిని ప్రభుత్వం స్వీకరించింది. 1939లో ఆయన కన్నుమూశారు. బిడ్డను గౌరవంగా పిలవడం, ఇంటి భాషలో చదువు మొదలుపెట్టడం ఆయనకు వేర్వేరు పనులు కావు.

ఈ రెండూ నేటికీ మన తరగతి గదులకు అందలేదు. దేవరకొండ తండాల పిల్లలు ఇంట్లో గోర్ బోలి మాట్లాడతారు. మొదటి రోజే పుస్తకాల తెలుగు ముందు వారు మూగబోతారు. పాలమూరు వలస కుటుంబాల పిల్లలు ఏడాది మధ్యలో వచ్చి చేరితే, తప్పిపోయిన పాఠాలను మందబుద్ధిగా లెక్కగడతాం. తండా మాటతో మొదలుపెట్టి పుస్తకం మాటకు నడిపించడానికి, ఆగిన చోట నుంచి పాఠం అందించడానికి నిధులక్కరలేదు, ఉపాధ్యాయ శిక్షణలో చోటు కావాలి. భాగ్యరెడ్డి వర్మ బడులు అక్కడ పాఠ్యాంశం కావాలి.

ఆ సాయంత్రం యువకుడికి ఈ జీవితకథే చెప్పాను. మరునాడు అతను దరఖాస్తులను పిల్లల దగ్గరికే తీసుకెళ్లి, ఒక్కొక్కరినీ పేరుతో పలకరించి ఇచ్చాడు. ఎవరూ లేచి నిలబడాల్సిన అవసరం రాలేదు.