కార్లో అబార్త్: చిన్న కారులోని బలాన్ని వెలికితీసిన యంత్రశిల్పి

పెద్ద ఇంజిన్‌తో పెద్ద వేగం సాధించడంలో వింత లేదు. ధనమున్నచోట అది జరుగుతూనే ఉంటుంది. సామాన్య కుటుంబీకుడు కూడబెట్టిన సొమ్ముతో కొనుక్కున్న చిన్న కారును ఎదుట నిలుపుకొని, దానిలో వాడుకకు రాక మిగిలిపోయిన శక్తి ఎంత ఉన్నదో లెక్కకట్టి, దానిని బయటికి రప్పించడం వేరొక విద్య. ఇరవయ్యో శతాబ్దంలో ఆ విద్యకు లోకప్రసిద్ధి తెచ్చిన వ్యక్తి కార్లో అబార్త్. ఇటలీలోని ట్యూరిన్ నగరం ఆయన కర్మభూమి. అయితే ఆయన అక్కడ పుట్టినవారు కారు.

1908 నవంబరు 15వ తేదీన ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కార్ల్. తండ్రి స్వస్థలం ఆల్ప్స్ పర్వతాల నడుమ ఉన్న మెరానో పట్టణం. ఆనాడు మెరానో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో అంతర్భాగం. అక్కడ ఎక్కువమంది ఇంటి భాష జర్మన్. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ సామ్రాజ్యం కూలిపోయింది. 1919 నాటి సంధితో మెరానో ఇటలీకి దక్కింది. ఊరు ఉన్నచోటనే ఉన్నది. దేశం మారింది, కచేరీ భాష మారింది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరిన వైనాన్ని, 1956లో రాష్ట్రాల హద్దులు కొత్తగా గీచిన తీరును పెద్దల నోట విన్న మన కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కార్ల్ అబార్త్ కూడా ఆ విధంగా రెండు దేశాల నడుమ, రెండు భాషల నడుమ పెరిగారు. కాలక్రమంలో ఇటలీ పౌరుడై, తన పేరును కార్లోగా మార్చుకున్నారు.

చిన్ననాటి నుండి ఆయన మనసు చక్రాల మీదనే ఉండేది. ఇరవై ఏండ్లు నిండకముందే ఇటలీలో కస్తాన్యా అనే సంస్థలో సైకిళ్లకు, మోటారు సైకిళ్లకు చట్రాలు రూపొందించే పనిలో కుదిరారు. పిదప ఆస్ట్రియాకు మరలివచ్చి, ఒక మోటారు సైకిళ్ల కార్ఖానాలో పనిచేస్తూ పందేలలో పాల్గొనసాగారు. 1928లో సాల్జ్‌బర్గ్ నగరంలో తొలి విజయం లభించింది. మరుసటి ఏడు తన పేరుతోనే ఒక మోటారు సైకిల్ నిర్మించారు. యంత్రం విప్పి బిగించడం, దాని మీద తానే ఎక్కి పరీక్షించడం అనే రెండు పనులను ఆయన ఏనాడూ వేరుచేయలేదు.

లింజ్ నగరంలో జరిగిన ప్రమాదం తరువాత ఆయన ఒంటి బండి పందేలు మానుకొని, పక్కబండి తగిలించిన మోటారు సైకిళ్ల వైపు మళ్లారు. ఆ పక్కబండి నిర్మాణంలోనూ తన సొంత మార్పులు చేశారు. 1934లో ఆ వాహనంతోనే, ఆనాటి ఐరోపాలో వేగానికి, వైభవానికి మారుపేరైన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలుతో పోటీకి దిగారు. బెల్జియం తీరంలోని ఓస్టెండ్‌కు, వియన్నాకు మధ్య 1,300 కిలోమీటర్లకు మించిన దూరం. ఆ దారిలో రైలును ఓడించి ఐరోపా అంతటా పేరు పొందారు. అయితే 1930ల చివర యుగోస్లావియాలో మరొక ఘోర ప్రమాదం జరిగి, ఆయన చాలాకాలం మంచం పట్టవలసి వచ్చింది. పందెపు జీవితం అంతటితో ముగిసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలమంతా లుబ్లియానా నగరంలోనే గడిచింది.

యుద్ధం ముగిసిన పిదప అబార్త్ తండ్రి ఊరైన మెరానో చేరుకున్నారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏడేండ్లకు దగ్గరపడింది. చేతిలో ఆస్తి లేదు. పోర్షే కుటుంబంతో ఉన్న పాత పరిచయమే ఆదుకున్నది. ట్యూరిన్‌లో పియెరో దుసియో అనే సంపన్నుడు చిసిటాలియా పేరిట పందెపు కార్ల సంస్థను నడుపుతున్నారు. ఫియట్ 1100 కారు భాగాలతో చేసిన చిన్న పందెపు కార్లు ఆ సంస్థకు మంచిపేరు తెచ్చాయి. 1,089 సి.సి. గల ఆ ఇంజిన్ వంశంలోనిదే, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ సంస్థ తయారుచేసి, 2000వ సంవత్సరం ప్రాంతం వరకు మన రోడ్లకు అందించిన పద్మిని కారు ఇంజిన్.

దుసియో అంతటితో తృప్తిపడక, పోర్షే రూపకల్పనలో ఒక మహత్తరమైన గ్రాండ్ ప్రీ కారును తలపెట్టారు. పోర్షేకు, దుసియోకు నడుమ వారధిగా నిలిచినవారిలో అబార్త్ ఒకరు. ఆ కారు సాంకేతికంగా అద్భుతమే. కానీ దాని ఖర్చు సంస్థను మింగివేసింది. దుసియో అర్జెంటీనాకు వెళ్లిపోయారు. చిన్న కారు సంపాదించిన దానిని పెద్ద కారు తినివేయడం అబార్త్ కళ్లారా చూశారు.

1949 మార్చి 31న అబార్త్ తన సొంత సంస్థను స్థాపించారు. స్కాల్యారిని కుటుంబం అందుకు పెట్టుబడి సమకూర్చింది. చిసిటాలియా నుండి దక్కిన కొన్ని కార్లు, విడిభాగాలే తొలి సామగ్రి. తన జన్మరాశి అయిన వృశ్చికాన్నే సంస్థకు చిహ్నంగా పెట్టుకున్నారు. 1950 ఏప్రిల్‌లో ఇటలీ ప్రజల ఆరాధ్యుడైన తాజియో నువొలారి, సిసిలీలోని పలెర్మో దగ్గర కొండదారి పందెంలో అబార్త్ కారు నడిపి తన తరగతిలో గెలిచారు. ఆ మహాచోదకుని చివరి విజయం అదే.

అయితే పందేల కీర్తి కార్ఖానాలో జీతాలు చెల్లించదు. సంస్థను పోషించినది సైలెన్సర్. ఇంజిన్ కూడా మనిషి వంటిదే. లోపలికి పీల్చిన గాలి ఎంత ముఖ్యమో, బయటికి వదిలే పొగ అంత ముఖ్యం. మామూలు సైలెన్సర్‌లో శబ్దాన్ని అణచడానికి అడ్డుపలకలు పెడతారు. పొగ వాటికి కొట్టుకొని, మలుపులు తిరిగి బయటపడాలి. అంతసేపు ఇంజిన్ తన శక్తిలో కొంత ఆ పొగను నెట్టడానికే వెచ్చిస్తుంది. అబార్త్ సైలెన్సర్‌లో రంధ్రాలు గల గొట్టం సాఫీగా సాగిపోతుంది. చుట్టూ దట్టించిన గాజునూలు శబ్దాన్ని పీల్చుకుంటుంది. పొగకు దారి సుగమమైతే సిలిండర్‌లోకి కొత్త గాలి ధారాళంగా వస్తుంది. ఇంజిన్ విప్పకుండానే, కొద్ది ఖర్చుతో, బండికి కొంత చురుకుదనం కలుగుతుంది. నల్లని రంగు, మెరిసే కొసలు గల ఆ సైలెన్సర్లు ఇటలీ దాటి అనేక దేశాలకు ఎగుమతి అయ్యాయి. 1960ల తొలినాళ్లకు వాటి వార్షిక ఉత్పత్తి రెండు లక్షలు దాటింది.

1955లో ఫియట్ సంస్థ 600 అనే చిన్న కారును విడుదల చేసింది. యుద్ధానంతర ఇటలీలో ఎందరో కుటుంబీకులకు అదే తొలి కారు. ఇంజిన్ వెనుక భాగంలో ఉంటుంది, 633 సి.సి., సుమారు 21 అశ్వశక్తి. అబార్త్ దృష్టి దానిపై నిలిచింది. సిలిండర్ల బోరు 60 మిల్లీమీటర్ల నుండి 61కి మాత్రమే పెంచారు. అసలు మార్పు క్రాంక్ షాఫ్ట్‌లో చేశారు. పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 56 మిల్లీమీటర్ల నుండి 64కు పెరిగింది. దానితో ఇంజిన్ 747 సి.సి. అయింది. పిస్టన్లు మార్చి కంప్రెషన్ హెచ్చించారు. వాల్వులు ఎక్కువసేపు తెరచి ఉండేలా క్యామ్ షాఫ్ట్‌ను మార్చారు. పెద్ద కార్బురేటర్, తన సైలెన్సర్ అమర్చారు. ఫలితంగా శక్తి 40 అశ్వశక్తి దాటి ఇంచుమించు రెట్టింపయింది. గంటకు 100 కిలోమీటర్లు అందుకోవడానికే ఆయాసపడే కారు 130 వరకు పరుగెత్తసాగింది. ఈ సామగ్రినంతటినీ పెట్టెలో సర్ది అమ్మేవారు. ఇదివరకే కారు ఉన్నవాడు ఆ పెట్టె కొని, నమ్మకమైన మెకానిక్ చేత అమర్పించుకుంటే సరిపోయేది.

1957లో దాంతె జకోసా రూపొందించిన కొత్త ఫియట్ 500 వచ్చింది. అది మరీ చిన్నది: రెండు సిలిండర్లు, 479 సి.సి., 13 అశ్వశక్తి. నీరసమైన బండి అన్న అపవాదుతో తొలినాళ్లలో అమ్మకాలు మందగించాయి. అబార్త్ ఆ ఇంజిన్ శక్తిని కూడా ఇంచుమించు రెట్టింపు చేసి, 1958 ఫిబ్రవరి చలిలో ఆ కారును మోంజా పందెపు బాటపైకి పంపారు. చోదకులు వంతులవారీగా మారుతూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు దానిని నడిపారు. మొత్తం 18,186 కిలోమీటర్లు. సగటు వేగం గంటకు 108 కిలోమీటర్లకు పైమాటే. అనేక అంతర్జాతీయ రికార్డులు బద్దలయ్యాయి. చులకనగా చూసిన ఇంజిన్‌కు వేగమే గాక ఓర్పు కూడా ఉన్నదని లోకానికి తెలిసింది. అటుపిమ్మట సాధించిన ప్రతి విజయానికీ, రికార్డుకూ ఫియట్ సంస్థ అబార్త్‌కు సొమ్ము చెల్లించేలా ఒప్పందం కుదిరింది.

1963లో అబార్త్ 595 వెలువడింది. 500 కారు ఇంజిన్‌లో పిస్టన్ కదిలే దూరాన్ని ముట్టుకోకుండా, బోరును 67.4 మిల్లీమీటర్ల నుండి 73.5కు పెంచారు. 18 అశ్వశక్తి 27 అయింది. గరిష్ఠ వేగం 95 నుండి 120 కిలోమీటర్లకు పెరిగింది.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. శక్తి పెరిగితే వేడి పెరుగుతుంది, బేరింగులపై భారం పెరుగుతుంది, బండి ఆగవలసిన దూరమూ పెరుగుతుంది. అబార్త్ ఈ లెక్కను విస్మరించలేదు. 600 ఆధారంగా చేసిన పందెపు కార్లకు ముందుభాగాన రేడియేటర్ అమర్చారు. వేడి వెలుపలికి పోవడానికి వెనుక ఇంజిన్ మూతను తెరచి నిలిపారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు బిగించారు. ఒక్క భాగాన్ని బలపరచి తక్కినవాటిని మరచినవాడు బండిని బాగుచేసినవాడు కాడు, ప్రమాదానికి సిద్ధం చేసినవాడు. రెండు ఘోర ప్రమాదాలు చవిచూసిన శరీరానికి ఆ సత్యం ఎవరూ బోధించనక్కరలేదు.

1965 అక్టోబరులో, యాభై ఏడేండ్లు నిండబోతున్న వయసులో, ఆయన మోంజాలో స్వయంగా మరల చోదకుని ఆసనంలో కూర్చున్నారు. ఆ ఇరుకు కారులో పట్టడానికి ఆపిల్ పండ్లతో పథ్యం చేసి ముప్పై కిలోల బరువు తగ్గారు. కొద్ది దూరంలో వేగమందుకునే పరీక్షలో రికార్డు నెలకొల్పారు. అది సంస్థకు నూరవ రికార్డు. బరువు తగ్గించడం కూడా బలం పెంచడమేనన్న సూత్రాన్ని ఆయన తన దేహంపైనే అమలుచేశారు.

కాని ఆ దశాబ్దం చివర ఆయనను కూడా పెద్ద యంత్రాల మోహం ఆవరించింది. ఆరంభం నుండి అంతం వరకు సొంతంగా రూపొందించిన ఖరీదైన పందెపు కార్లు, పెద్ద ఇంజిన్లు సంస్థ ధనాన్ని హరించాయి. దుసియో ఇంట జరిగినది తన ఇంటా మొదలవుతున్నదని గ్రహించారేమో, పూర్తిగా కూలిపోయే దాకా ఆగక 1971లో సంస్థను ఫియట్‌కు అమ్మివేశారు. ఫియట్ నీడలో ఆ పేరు నిలిచింది. అబార్త్ చిహ్నం ధరించిన ఫియట్ 131 కారు 1977, 1978, 1980 సంవత్సరాలలో ప్రపంచ ర్యాలీ విజేతగా నిలిచింది. అబార్త్ మాత్రం జీవిత చరమాంకంలో పుట్టిన నగరానికే మరలిపోయి, 1979 అక్టోబరు 24న వియన్నాలో కన్నుమూశారు.

2015లో అబార్త్ పుంటో పేరుతో ఆ వృశ్చికం మన దేశపు విపణిలోనూ అడుగుపెట్టింది. కొద్ది సంవత్సరాలకే ఫియట్ కార్ల తయారీ ఇక్కడ ఆగిపోవడంతో అదీ కనుమరుగైంది. పాత 500, 600 కార్లను నేటికీ ఐరోపాలో ఎందరో భద్రంగా నిలుపుకొని, ఆయన చూపిన క్రమంలోనే బాగుచేసుకుంటున్నారు: ముందు ఇంజిన్‌కు ఊపిరి, ఆపైన బలం, ఆ బలానికి తగిన చలువ, దానిని అదుపులో ఉంచే బ్రేకు. ఏ దేశపు మనిషి అన్న ప్రశ్నకు కార్లో అబార్త్ జీవితం ఒక్క జవాబు ఇవ్వదు. ఏ పని తెలిసిన మనిషి అన్న ప్రశ్నకు మాత్రం ఆయన బాగుచేసిన ప్రతి చిన్న కారూ జవాబు చెబుతుంది.