క్లచ్‌తో మొదలైన గొడవ: ట్రాక్టర్ల ఆసామి లంబోర్గిని కథ

లంబోర్గిని అనగానే కోట్ల ఖరీదు, నేలకు అంటుకున్నట్టుండే బాడీ, వీధి చివర నుంచే వినిపించే ఇంజిన్ మోత గుర్తొస్తాయి. కానీ ఆ కారుకు తన పేరు పెట్టిన మనిషి రైతుబిడ్డ. ఆయన కోరుకున్నది మోత కాదు, సతాయించని బండి!

ఫెరుచియో లంబోర్గిని 1916 ఏప్రిల్ 28న ఉత్తర ఇటలీలోని రెనాజో అనే పల్లెలో పుట్టారు. తల్లిదండ్రులు ద్రాక్ష సాగు చేసేవారు. ఆయనకు పొలం కంటే పొలంలో తిరిగే యంత్రాలంటేనే ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ వాయుసేన తరఫున రోడ్స్ దీవిలో మెకానిక్‌గా పనిచేశారు.

యుద్ధం అయ్యాక ఇంటికొచ్చి చూస్తే రైతులకు ట్రాక్టర్లు కావాలి, కొనే స్తోమత లేదు. సైన్యం వదిలేసిన బండ్ల ఇంజిన్లు, విడిభాగాలు కొని చవగ్గా ట్రాక్టర్లు తయారుచేశారు. 1948లో కంపెనీ పెట్టారు. డబ్బు చేరింది, దాంతోపాటే కార్ల షోకూ వచ్చింది.

ఫెరారీ కొన్నారు. దాని పరుగు నచ్చింది కానీ క్లచ్ మాటిమాటికీ పోయేది. రిపేరుకిచ్చి గంటలు గంటలు కూర్చోవాలి. విసుగొచ్చి తన వర్క్‌షాపులోనే విప్పిస్తే, తన ట్రాక్టర్లకు వేసేలాంటి క్లచ్చే కనిపించిందట. ఆ సంగతి ఎంజో ఫెరారీకి చెప్పబోతే, ట్రాక్టర్లు నడుపుకునేవాడికి ఈ కార్లెందుకన్నట్టు తీసిపారేశారని లంబోర్గిని చెప్పుకునేవారు. ఈ కథను ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఏదేమైనా 1963లో సాంతాగాటా బొలోనీస్‌లో ఆయన సొంత కార్ల ఫ్యాక్టరీ లేచింది.

ఆ ఏడాదే టురిన్ ప్రదర్శనలో మొదటి నమూనా కారు పెట్టారు. తీరా చూస్తే అందులో ఇంజిన్ పట్టలేదు. బానెట్ మూసే ఉంచి పరువు దక్కించుకున్నారు. 1964లో వచ్చిన 350 జీటీ మాత్రం ఆయన మనసులోని కారు. 12 సిలిండర్ల బలం ఉన్నా హాయిగా కూర్చుని దూరప్రయాణం చేయొచ్చు.

కానీ లోకం వెర్రెత్తిపోయింది దాని కోసం కాదు. ఆయన దగ్గరి కుర్ర ఇంజినీర్లు పని వేళలు అయ్యాక కూర్చుని గీసిన మియురా కోసం! 1966లో జెనీవాలో దాన్ని చూసి జనం కళ్లార్పలేదు. ఇంజిన్‌ను డ్రైవర్ వీపు వెనకే అడ్డంగా బిగించారు. అందువల్ల తొక్కితే బాణమే. అందువల్లే లోపల వేడి, చెవులు దిమ్మెక్కే శబ్దం కూడా. పెట్రోల్ ట్యాంకు ముందు భాగంలో ఉండేది. అది ఖాళీ అయ్యేకొద్దీ వేగంలో కారు ముక్కు తేలిపోయేది. ఇన్ని తిప్పలున్నా కొనేవాళ్లు వరస కట్టారు.

1971లో చూపించిన కౌంటాక్ ఇంకో అడుగు ముందుకేసింది. తలుపులు పైకి లేస్తాయి. వెనక ఏముందో సరిగా కనపడదు. రివర్స్ చేయాలంటే తలుపు పైకెత్తి, అంచు మీద కూర్చుని, మెడ బయటపెట్టి చూసుకోవాలి. ఇక క్లచ్ తొక్కడానికి కాలి బలమంతా పెట్టాల్సిందే. క్లచ్ మీద కోపంతో పుట్టిన కంపెనీ చివరికి ఇలాంటి బండితో పేరు తెచ్చుకుంది.

కౌంటాక్ అమ్మకానికి వచ్చేనాటికి కంపెనీ ఆయన చేతుల్లో లేదు. పెద్ద ట్రాక్టర్ల ఆర్డరొకటి రద్దై, కార్మికుల సమ్మెలతో దెబ్బతిని, 1972లో కార్ల కంపెనీలో 51 శాతం అమ్మేశారు. ట్రాక్టర్ల కంపెనీ కూడా పోయింది. 1974లో మిగిలిన వాటా వదులుకుని ఉంబ్రియాలో ట్రాసిమేనో సరస్సు పక్కన పొలం చేసుకుంటూ బతికారు. 1993 ఫిబ్రవరి 20న కన్నుమూశారు.

రోజూ ఆఫీసుకెళ్లడానికి పనికొచ్చే బండ్లు కావివి. స్పీడ్ బ్రేకర్ వస్తే గుండె ఝల్లుమంటుంది, సామాను పెట్టే చోటుండదు, రిపేరు ఖర్చుకు చిన్న కారే వచ్చేస్తుంది. అయినా ఆ ఇంజిన్ ఒక్కసారి గర్జిస్తే నడిపేవాడికి ఇవేవీ గుర్తుండవు. సుఖమిచ్చే కారు చేయాలనుకున్న ఫెరుచియోకు పేరు తెచ్చింది మాత్రం కష్టపెట్టే కార్లే. అయితే ఆయన మొదట చేసిన ట్రాక్టర్లు కూడా అదే పేరుతో నేటికీ పొలాల్లో దున్నుతున్నాయి.