తిక్కన స్వప్నము – హరిహర తత్త్వము

కవిబ్రహ్మ తిక్కన సోమయాజి 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రియై వెలసెను. తల్లిదండ్రులు అన్నమ, కొమ్మనలు. నిర్వచనోత్తర రామాయణమును ఆయన ప్రభువునకే అంకితమొసగెను.

ఆనాడు శైవ వైష్ణవ వైరము ప్రజలను చీల్చుచుండెను. విరాటపర్వము మొదలు 15 పర్వముల భారతమును తెనిగింపబూనిన వేళ తండ్రి కలలో గోచరించెను. పిదప హరిహరనాథుడే సాక్షాత్కరించెను. ఒకే మూర్తియందు హరియు హరుడును!

స్వప్నమున దైవము కనబడినంతనే లాభనష్టముల నెంచుట లోకరీతి. తిక్కన అట్లెంచలేదు. ఆ మూర్తి అభేదమునకు సంకేతమనియు, తనకు విధింపబడిన కర్తవ్యమనియు గ్రహించి, భారతమును నరునకు గాక హరిహరనాథునకే సమర్పించెను.

కోటప్పకొండ త్రికోటేశ్వరునకును, మాచర్ల చెన్నకేశవునకును ఒకే భక్తితో కైమోడ్చు పలనాటివారికి ఈ స్వప్నార్థము వేరుగ చెప్పవలెనా? మనస్సును కలుపునదే సుస్వప్నము.