నా బేరం మాన్పించిన కమలాదేవి

బేరమాడకుండా ఏదీ కొనకూడదని మా అమ్మ చెప్పేది. గాజులైనా, గుమ్మడికాయైనా చెప్పిన ధరలో సగం నుంచే మొదలుపెట్టాలి. ఆ విద్యలో నేను అమ్మను మించిపోయాను.

చాలా ఏళ్ల కిందట ఓ హస్తకళల ఎగ్జిబిషన్‌లో, శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒకావిడ దగ్గర కలంకారీ గుడ్డ చూశాను. శ్రీరామ పట్టాభిషేకం. మా హాల్లో పెడితే గోడే వెలిగిపోతుందనిపించింది. బయట బజారులో అచ్చం ఇలాంటిదే మూడో వంతు ధరకు దొరుకుతోందని గట్టిగా వాదించాను. చీకటి పడబోతోంది, ఆవిడకు ఆ రోజు అమ్మకాలు లేనట్టుంది. చివరికి నేనడిగిన రేటుకే మడతపెట్టి చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు మాత్రం, ఆ ఒక్క గుడ్డకు ఇంటిల్లిపాదికీ ఎన్ని రోజులు పట్టిందో చెప్పింది. గొడవగా కాదు, మామూలుగానే.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. రోజు కూలికి వెళ్లినా వాళ్లకు అంతకంటే ఎక్కువే వచ్చేది. ఆ తర్వాత ఆ గుడ్డను చుట్టాలు మెచ్చుకున్నప్పుడల్లా, ఎంతకు కొన్నానో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అసలీ కలంకారీ సంగతేమిటో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే, కాళహస్తి దగ్గరా, జైపూర్ దగ్గరా, చేనేత దగ్గరా ఒకే పేరు ఎదురైంది. కమలాదేవి చటోపాధ్యాయ. స్వాతంత్ర్య సమరయోధురాలిగా పేరు విన్నానే గానీ, ఆవిడ బతుకంతా ఓ రకంగా ఈ కొనడం, అమ్మడం గురించేనని అప్పటిదాకా నాకు తెలియదు.

తల్లి నేర్పిన లెక్క

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగుళూరులో పుట్టింది. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ పెద్ద ప్రభుత్వోద్యోగి. ఆమెకు ఏడేళ్ల వయసులో ఆయన వీలునామా రాయకుండానే పోయారు. ఆస్తి మొత్తం ఆయన మొదటి భార్య కొడుకు చేతికి వెళ్లింది. తల్లి గిరిజాబాయికి నెలనెలా ఇంత అని ఇస్తామన్నారు. ఆవిడ వద్దంది. పుట్టింటివాళ్లు ఇచ్చిన దానితోనే కూతుర్ని పెంచుకుంది. హక్కుగా రావలసింది దయగా ఇస్తామంటే పుచ్చుకోకూడదని ఆ పసిపిల్ల ఇంట్లోనే చూసి నేర్చుకుంది.

పద్నాలుగేళ్లకు పెళ్లి చేశారు. రెండేళ్లు తిరక్కుండానే వైధవ్యం. ఆ రోజుల్లో అలాంటి పిల్ల గతి ఏమిటో మన అమ్మమ్మలకు తెలుసు. కమలాదేవి మాత్రం మద్రాసు వెళ్లి క్వీన్ మేరీస్ కాలేజీలో చేరింది. హైదరాబాదులో పుట్టి పెరిగిన కవి, సరోజినీ నాయుడి తమ్ముడు హరీంద్రనాథ్‌ను ఇష్టపడి పెళ్లాడింది. వితంతువుకు మళ్లీ పెళ్లేమిటని బంధువర్గంలో గగ్గోలు. ఒక కొడుకు పుట్టాడు. కాపురం నిలవలేదు. ఆడవాళ్లు విడాకుల మాట ఎత్తడానికే భయపడే కాలంలో ఆమె విడాకులు తీసుకుంది.

1926లో మద్రాసు శాసనమండలికి పోటీ చేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. మరుసటి ఏడు మొదలైన అఖిల భారత మహిళా సభకు తొలి ఆర్గనైజింగ్ సెక్రటరీ అయింది. తిరిగి తిరిగి ఊరూరా శాఖలు పెట్టించింది.

ఉప్పు పొట్లాల బేరం

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. దండి యాత్రలో గాంధీజీ ఆడవాళ్లను చేర్చుకోలేదు. కమలాదేవి ఊరుకోలేదు. నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి, ఉప్పు లేనిదే ఏ వంటిల్లూ నడవదు కదా, ఈ పోరాటంలో ఆడవాళ్లు ఎందుకు ఉండకూడదని వాదించి ఒప్పించింది. బొంబాయిలో సముద్రపు ఒడ్డున ఉప్పు వండింది. దాన్ని పొట్లాలు కట్టుకుని స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోకి వెళ్లి వేలం వేసినట్టు అమ్మింది. హైకోర్టు దగ్గర మేజిస్ట్రేటునే, ఉప్పు కొంటారా అని అడిగిందట! అరెస్టు చేశారు, జైల్లో పెట్టారు.

నాకు ఈ ఘట్టమే అన్నిటికన్నా నచ్చింది. చిటికెడు ఉప్పు విలువ దానిలో లేదు, దాన్ని చేసిన చేతుల్లో ఉంది. ఆ సంగతి కొనేవాడికి తెలిసేలా చెప్పి అమ్మడమే ఆ తర్వాత ఆవిడ జీవితమంతా చేసిన పని.

స్వాతంత్ర్యం వచ్చాక తోటివాళ్లు మంత్రులూ గవర్నర్లూ అవుతుంటే ఈవిడ శరణార్థుల శిబిరాలకు వెళ్లింది. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన వాళ్లకు తిండి పొట్లాలు పంచి ఊరుకుంటే చాలదనుకుంది. ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ పెట్టించి, ఫరీదాబాద్‌లో సుమారు 50 వేల మందికి నీడ చూపే పనికి పూనుకుంది. అక్కడ ఇళ్లు కట్టింది చాలావరకు ఆ శరణార్థులే. మళ్లీ అదే గిరిజాబాయి పాఠం.

ఎంపోరియం వెనుక మనిషి

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. కమలాదేవి దానికి అధ్యక్షురాలు. ఢిల్లీలోని సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణను కూడా ఆ ఏడే వాళ్ల యూనియన్ తీసుకుంది. మనం ఊరెళ్లినప్పుడల్లా ఎంపోరియంలో బొమ్మో, దుప్పటో కొనుక్కుంటాం చూడండి, ఆ అలవాటుకు పెద్ద దారి వేసింది ఈవిడే. మ్యూజియంలో పెడితే కళ బతకదని, ఇంట్లో వాడుకుంటేనే బతుకుతుందని ఆమె నమ్మకం. పల్లెలు తిరిగింది, పనివాళ్ల పక్కన కూర్చుంది. నేతవాళ్లు ఆమెను హథ్‌కర్ఘా మా, అంటే చేమగ్గాల అమ్మ అని పిలుచుకునేవారు.

జైపూర్ నీలి కుండల పని దాదాపు ఆగిపోయిన దశలో మళ్లీ ప్రాణం పోసుకున్నది ఆమె చొరవతోనే. మన శ్రీకాళహస్తిలోనూ అంతే. వేసేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది మిగిలిన రోజుల్లో, 1950ల చివర్లో, బోర్డు తరఫున అక్కడ శిక్షణ కేంద్రం మొదలైంది. నేను బేరమాడిన ఆ ఇల్లాలి చేతికి కలం వచ్చిందంటే, ఆ దారిలో ఎక్కడో కమలాదేవి ఉన్నట్టే.

1964లో ప్రపంచ హస్తకళల మండలి స్థాపనలోనూ ఆమెది ముఖ్య పాత్ర. 1966లో మెగసెసే అవార్డు, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1988 అక్టోబర్ 29న కన్నుమూసింది. ఆమె నడిపిన హస్తకళల బోర్డును 2020లో ప్రభుత్వం రద్దు చేసింది.

చేతివృత్తుల వస్తువులు చివరికి పట్నంలో డబ్బున్నవాళ్ల డ్రాయింగు రూముల అలంకారమైపోయాయని, చేసేవాళ్లు మాత్రం అలాగే ఉండిపోయారని ఒక విమర్శ ఉంది. అది పూర్తిగా అబద్ధమని నేననలేను. నా హాల్లోని గుడ్డే సాక్ష్యం. ఆవిడ బజారు దాకా తెచ్చి నిలబెట్టింది. అక్కడ బేరమాడింది మనం.

కొనే ముందు

నేను నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను. కాళహస్తి పనికి గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెడతారు. వెదురు పుల్లకు గుడ్డ పేలికో ఉన్నో చుట్టి కలంగా వాడతారు. నలుపు రంగు బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వస్తుంది. ఎరుపు పటిక నీళ్లు పూసిన చోటే పట్టుకుంటుంది. రంగు రంగుకీ ఉతకాలి, ఎండబెట్టాలి. కాబట్టి చేత్తో వేసిన దానిలో గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఏ రెండు పువ్వులూ అచ్చు గుద్దినట్టుండవు. కొత్త గుడ్డకు కాస్త పుల్లటి వాసన కూడా ఉంటుంది. బజారులో మూడో వంతుకు దొరికేది చాలావరకు మిషను మీద అచ్చు వేసింది. ఆ రెండిటికీ పోలిక పెట్టి బేరమాడటం నా తెలివితక్కువతనం.

ఈమధ్య మళ్లీ ఎగ్జిబిషన్‌కు వెళ్లాను. ఆవిడ కోసం స్టాళ్లన్నీ వెతికాను, కనపడలేదు. వేరే అమ్మాయి దగ్గర చిన్న నెమలి బొమ్మ తీసుకుని, ఎన్ని రోజులు పట్టిందమ్మా అని ముందు అదే అడిగాను. చెప్పింది. ధర కూడా చెప్పింది. మారు మాట్లాడకుండా డబ్బు ఇచ్చేశాను. నేను బేరమాడతానని కాస్త పెంచి చెప్పినట్టుంది, ఆ పిల్ల తెల్లబోయి తనే యాభై తిరిగిచ్చింది.

మా అమ్మ ఉంటే నన్ను తిట్టిపోసేదే.